జవాబులు మింగే లాప్‌టాప్

పెద్దమ్మ చేస్తుండగా నేను చూసిన ఆఖరి పని, తన లాప్‌టాప్‌ను బల్ల మీద తువాలు పరిచి బోర్లా పడుకోబెట్టి, అడుగునున్న పది స్క్రూల మీదా గోళ్ళరంగు చుక్కలు పెట్టటం. ఆవిడ ఏనాడూ గోళ్ళకు రంగు వేసుకున్న మనిషి కాదు. ఆ ఎర్ర సీసా కొన్నదే ఇందుకోసం. రిపేరు షాపులో ఎవరైనా స్క్రూ విప్పితే రంగు పెచ్చు లేస్తుంది, దొంగ దొరికిపోతాడు. అదీ ఆవిడ లెక్క.

చుక్కలు పెట్టి, కుర్చీలోంచే వంగి, ఉఫ్ ఉఫ్ అని ఊదుతోంది. నేను సంచీ పట్టుకుని కిటికీ వైపు నిలబడి ఉన్నాను. "నిన్న తప్పుగా మాట్లాడాను పెద్దమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నాను. ఆవిడ తల ఎత్తలేదు, ఊదటం ఆపలేదు. రంగు ఆరిందని నమ్మకం కుదిరాక లాప్‌టాప్‌ను సంచీలోకి జారవిడిచి, "సాయంత్రానికల్లా తెచ్చెయ్. తీసుకునేటప్పుడు చుక్కలు లెక్కపెట్టుకో, ఆ మెకానిక్ సామాన్యుడు కాదు" అంది.

మధ్యాహ్నం పెదనాన్న ఫోను చేశాడు. భోజనానికి లేస్తూ లేస్తూ కుర్చీ పక్కనే ఒరిగిపోయిందట. ఆస్పత్రికి చేరేలోపే గుండె ఆగింది. లాప్‌టాప్ షాపులోనే ఉండిపోయింది. నన్ను క్షమించకుండానే వెళ్ళిపోయిందన్న ముల్లు నాలో ఉండిపోయింది.

పెద్దమ్మది చెవులతో చేసే ఉద్యోగం. ప్రమాదాల్లో నష్టపోయిన వాళ్ళను ఒక ఆఫీసువాళ్ళు కూర్చోబెట్టి, ప్రశ్నలడిగి, రికార్డు చేస్తారు. ఆ రికార్డింగులు ఈవిడకు వస్తాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలి కింద పెడల్ తొక్కుతూ ఆపుతూ, విన్నది విన్నట్టు టైపు చేయాలి. ఎదుటివాడు 'ఊ' అంటే 'ఊ', దగ్గితే దగ్గు. అడిగేవాడికి ఒక మైకు, చెప్పేవాడికి ఒక మైకు. అడిగేవాడు ఎడమ చెవిలో వినబడతాడు, చెప్పేవాడు కుడి చెవిలో. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇద్దరి మధ్యా కూర్చుని టైపు చేసింది.

మూడేళ్ళ కిందట ఒకరోజు హెడ్‌ఫోన్లు పీకి బల్ల మీద పడేసింది. "ఈ దిక్కుమాలినది ప్రశ్నలు చెబుతోంది, జవాబులు మింగేస్తోంది" అంది.

ఇక అప్పటినుంచి ఇంట్లో అందరమూ ముద్దాయిలమే. పాత టైపిస్టులను వదిలించుకోవటానికి ఆఫీసువాళ్ళు కావాలనే పాడు రికార్డింగులు పంపుతున్నారంది. మెకానిక్ మంచి స్పీకరు ఊడబీకి చచ్చుది పెట్టాడంది. తను లేనప్పుడు నేను ఆ హెడ్‌ఫోన్లతో పాటలు వింటున్నానంది. కాలేజీ చదువుకని వచ్చి, ఉద్యోగం దొరికాక కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయిన దాన్ని. ఆ మాటకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఎవరైనా మాట్లాడుతుంటే పెద్దమ్మ తల కాస్త పక్కకు తిప్పి, ఓరగా చూస్తూ వినేది. ఆ చూపు ముందు నిజం చెప్పేవాడికి కూడా నాలుక తడబడేది. అంతా విన్నాక, "ఏమన్నావ్? మళ్ళీ చెప్పు" అనేది.

పెదనాన్నకు కళ్ళద్దాల షాపు. "మీ పెద్దమ్మ కోర్టులో ఏదైనా రెండుసార్లు చెప్పాలే అమ్మాయ్. రెండోసారి అక్షరం తేడా వచ్చిందా, జైలే" అనేవాడు.

"ఏమంటున్నారు మీరిద్దరూ?" అనేది వంటింట్లోంచి.

"చూశావా, అప్పుడే అనుమానం!" అని నవ్వేవాడు పెదనాన్న.

నేను కిటికీ వైపు స్టూలు వేసుకుని కూర్చుంటే అసలు పడేది కాదు. "అటు కూర్చోకు. తలుపు వైపుకు రా" అనేది. తెర మీది రహస్యాలు నేను చదువుతానని భయం కాబోలని చిన్నబుచ్చుకునేదాన్ని. అయినా ఆ వెలుతురు కోసం మళ్ళీ అక్కడే చేరేదాన్ని.

లాప్‌టాప్ రెండు మూడు నెలలకోసారి రిపేరు షాపుకు వెళ్ళేది. సాయంత్రానికి శుభ్రంగా తిరిగొచ్చేది. కొన్నాళ్ళు బాగా పనిచేసి మళ్ళీ జవాబులు మింగేది. ఇంత అనుమానం ఉన్న మనిషి షాపు ఎందుకు మార్చదన్న అనుమానం నాకు పట్టుకుంది. అడిగితే, "తెలియని దొర కంటే తెలిసిన దొంగ నయం" అంది.

ఆ చివరి శనివారం ఏదో కాగితం వెతుకుతుంటే ఆవిడ సొరుగులో ఆఫీసు ఉత్తరాలు రెండు కనబడ్డాయి. జవాబుల దగ్గర ఖాళీలు ఎక్కువగా ఉన్నాయనీ, మూడోసారి ఇలాగే జరిగితే ఇక పని పంపేది లేదనీ ఉంది. భయమేసింది. ఆ పనే ఆవిడ ప్రాణమని నాకు తెలుసు. మర్నాడు ఆదివారం, మళ్ళీ జవాబులు పోయాయి. నేనే చూస్తానని కూర్చున్నాను.

వాల్యూం చూశాను, నిండుగా ఉంది. మ్యూట్‌లో లేదు. శబ్దం వేరే స్పీకరుకు పోతోందేమోనని చూశాను, లేదు. హెడ్‌ఫోన్ల పిన్ను ఊడదీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. నా హెడ్‌ఫోన్లు తెచ్చి పెట్టుకుని విన్నాను. ఎడమవైపు ఎవరో "ఆ సమయానికి మీరెక్కడున్నారు?" అన్నారు. కుడివైపు ఒక ముసలాయన "మెట్ల మీద" అన్నాడు. గాజు పలకలా స్పష్టంగా.

"బాగానే వస్తోంది కదా!"

"నీకొస్తే సరిపోయిందా? టైపు చేసేది నువ్వా, నేనా?"

"సెట్టింగుల్లో కూడా చూస్తానుండు."

ఆవిడ చటుక్కున లాప్‌టాప్ మూసేసింది. నా వేలు నలిగినంత పనయింది. "లోపల కెలక్కు. రేపు షాపుకు తీసుకెళ్ళు, అంతే."

ఏదో దాస్తోందని అర్థమైంది. సొరుగులోని ఉత్తరాలు, మూడేళ్ళ ఓరచూపులు అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి. ఎదురుగా నిలబడి అనేశాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం. నీకు పని చేతకాక మా అందరినీ దొంగల్ని చేస్తున్నావు."

ఆ మాట మాత్రం మళ్ళీ చెప్పమనలేదు.

పెద్దమ్మ పోయిన పదిహేను రోజులకు షాపుకు వెళ్ళాను. కౌంటరు మీద భూతద్దం దీపం, స్క్రూలు పోసిన మూతలు, పళ్ళు తోముకునే బ్రష్షులు. మెకానిక్ లాప్‌టాప్ తీసి ఇస్తూ, "ఏంటండీ, ఈసారి ఇన్ని రోజులు వదిలేశారు? అమ్మగారు ఊరుకోరే" అన్నాడు. చెప్పాను. ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

నేను అలవాటుగా లాప్‌టాప్ తిరగేసి చుక్కలు లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి. ప్రతిసారీ పాత చుక్క మీదే కొత్తది పెట్టటంతో ఒక్కొక్కటీ పప్పు బద్దంత ఎత్తు పేరుకుంది. ఒక్కదానికీ పెచ్చు లేవలేదు.

"ఏం రిపేరు చేశారు? అసలు విప్పినట్టే లేదు" అన్నాను. గొంతులో అనుమానం దాగలేదు. పెద్దమ్మ పోలికే.

"మూడేళ్ళలో ఒక్క స్క్రూ విప్పితే ఒట్టు" అన్నాడు. "మొదటిసారి వచ్చినప్పుడు హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టుకోమన్నానండీ, కుడిది ఎడమకి, ఎడమది కుడికి. తప్పు మిషనుదైతే అప్పుడు కూడా జవాబులు రాకూడదు. తిరగేయగానే జవాబులు వినబడ్డాయి, ప్రశ్నలు పోయాయి. అమ్మగారు మళ్ళీ మళ్ళీ తిరగేసి చూసుకున్నారు. కుడి చెవి పూర్తిగా పోయిందండీ ఆవిడకి."

"మరి ప్రతిసారీ బాగై ఎలా వచ్చేది?" అన్నాను.

"రెండు గొంతులూ రెండు వైపులా వచ్చేలా ఒక సెట్టింగుంది. అది పెట్టి పంపేవాణ్ణి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఎగిరిపోతుంది, మళ్ళీ పెట్టాలి. నేర్పుతానంటే వద్దన్నారు. 'మా పిల్ల ఎప్పుడూ పక్కనే ఉంటుంది, చూస్తే ఇట్టే కనిపెట్టేస్తుంది, ఆఫీసుకి తెలిస్తే నా పని పోతుంది' అనేవారు. రెండు నిమిషాల పనండీ. వెంటనే ఇస్తే ఇంట్లో అనుమానం వస్తుందని సాయంత్రం దాకా ఉంచుకోమనేవారు."

"మరి ఈ చుక్కలు?"

"అవి నాకోసం కాదండీ. మీరు చూడటానికి."

ఇంటికొచ్చి లాప్‌టాప్‌ను ఆవిడ బల్ల మీద, ఎప్పుడూ ఉండే చోటే పెట్టాను. కుర్చీలో కూర్చున్నాను. తలుపు నా ఎడమ పక్కన ఉంది. కిటికీ కుడి పక్కన. ఆ రోజు సంచీ పట్టుకుని నేను నిలబడింది అటే.