ఖాదర్ కూర్చోవలసిన కుర్చీ

ఎనిమిదేళ్లుగా నా లోపల ఒక మాట కాపురముంటోంది. అద్దె కట్టదు, ఖాళీ చెయ్యదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పుంగనూరులో ఖాదర్ అని దర్జీ. మాకు పోకర్ అనే పేకాట నేర్పింది అతనే. ఆదివారాలు మదనపల్లెలో మా ఇంట్లో ఆడేవాళ్లం. డబ్బుల్లేవు, తలా వంద చింతగింజలు. అన్నీ పోయినవాడు లేచిపోవాలి. ఇంటింటా చింతపండు కొట్టే ఊళ్లో గింజలతో పందెం ఎంత తెలివితక్కువో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది, అదే ఖర్మ.

"పెద్ద కుప్ప ఉండేవోడు తొందరపడగూడదప్పా, అవతలోడ్ని తొందరపెట్టాల. ఓడినా నీకు ఇంకా మిగుల్తాయి, వానికి మిగలవు" అనేవాడు ఖాదర్.

ఏటా కుప్పంలో పెద్ద ఆట. మా గుంపులో గెలిచిన ఒక్కరికే అక్కడ కుర్చీ. కుప్ప ఉన్నవాడికే కుప్పం అని నేను జోకులేసేవాణ్ణి. ఆ ఏడు కుర్చీ ఖాదర్‌కు కావాలి. బెంగళూరులో పక్క మిషన్ మీద కుడుతూ అతనికి ఈ ఆట నేర్పిన ఉస్తాదు కుప్పంలో ఉన్నాడు. పెద్దాయన, ఆరోగ్యం బాగాలేదు. ఒక్కసారి ఆయన ఎదురుగా కూర్చుని, నేర్చుకున్నది చూపించాలని ఖాదర్ ఆశ.

చివరికి మేమిద్దరం మిగిలాం. నావి కొంచెం తక్కువ. ఖాదర్ గింజలు అక్కడే వదిలి సాయంత్రం నమాజుకు వెళ్లాడు. మిగతావాళ్లు టీకి వీధిలోకి నడిచారు. వంటింట్లో చేటనిండా గింజలు. చెయ్యి దానంతటది వెళ్లిందని రాద్దామనుకున్నాను. లేదు, నేనే పంపాను. రెండు పిడికిళ్లు తెచ్చి నా కుప్పలో కలిపాను. ఎందుకు? నేర్పినవాణ్ణి గెలిచాడనిపించుకోవడానికా? అంత చిన్నదానికా?

ఖాదర్ వచ్చి కూర్చున్నాడు. "అరే, నీ కుప్ప ఇంత ఉండాదా? నేనే సరిగా సూడలేదేమో."

"అద్దాలు మార్చు భాయ్. సూదిలో దారం ఎట్ల ఎక్కిస్తాండావో ఏమో!"

నవ్వాడు. అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

తర్వాతి ఆటలో గింజలన్నీ ముందుకు తోశాను. చేతిలో ఏమీ లేదు. ఇద్దరికీ చెందేలా బల్ల మీద తెరిచిన ముక్కల్లో ఒక ఆసు ఉంది. ఖాదర్ చాలాసేపు ఆలోచించాడు. ఓడితే అతను లేచిపోవాలి, నేను అక్కర్లేదు. ఆ తేడా మా వంటింటిది.

"ఇంత కుప్ప పెట్టుకోని ఊరికే తోసేవోనివి కావు. ఇంకో ఆసు నీ కాడే ఉండాది, ఆసుల జత నా రాజుల్ని కొడతాది" అని తన రెండు రాజుల్నీ తిప్పి చూపించి, ఆ ఆట వదిలేశాడు. అక్కణ్ణుంచి అతని గింజలు తరుగుతూనే పోయాయి.

ఓడి, నన్ను కౌగిలించుకున్నాడు. కుప్పానికి వేసుకెళ్లమని చొక్కా కుట్టిచ్చాడు. ఆ వారమే అద్దాలు కూడా మార్చుకున్నాడు.

కుప్పంలో ఉస్తాదు నా ఎదురుగా కూర్చున్నాడు. మా ఖాదర్ రాలేదా అని అడిగాడు. వచ్చే ఏడు వస్తాడన్నాను. వచ్చే ఏడుకి ఉస్తాదు లేడు.

కొత్తవాళ్లు ఆటకొస్తే ఖాదర్ ఇప్పటికీ నన్ను చూపిస్తాడు, పెద్ద కుప్పతో ఎలా ఆడాలో మావాణ్ణి చూసి నేర్చుకోండని. చెప్పేయాలని రెండుసార్లు పుంగనూరు వెళ్లాను. రెండుసార్లూ ప్యాంటుకు కొలతలిచ్చి వచ్చాను. చెబితే క్షమిస్తాడు. నా భయమూ అదే.

ఖాదర్ ఓడిపోలేదు. నేను మోసం చేసి, అతన్ని తన గురువు ఎదుట కూర్చోనివ్వలేదు. ఈ రెండు వాక్యాలు రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. మాట బయటికి వచ్చింది.