డిఫెన్స్‌మన్ ఎడమ కన్ను

ఐస్ హాకీ అనే ఆట ఒకటుందని అమెరికా వచ్చేదాకా నాకు తెలియదు. తెలిశాక కూడా అది ఆటో, కొట్లాటో చాలాకాలం తేల్చుకోలేకపోయాను. డెబ్బైల చివర్లో మేం కెనడా సరిహద్దుకు దగ్గరగా ఓ పేపర్ మిల్లు ఊళ్ళో ఉండేవాళ్ళం. మావారు మిల్లులో ఇంజనీరు, నేను ఆసుపత్రిలో కంటి డాక్టర్ని. ఊరికో హాకీ టీమ్ ఉండేది. పెద్ద లీగ్ కాదు, దాని కింది లీగ్. బస్సుల్లో ఊరూరా తిరిగి ఆడేవాళ్ళు. వాళ్ళ కళ్ళు చూసే పని ఎవరికీ ఇష్టం లేక, కొత్తగా చేరిన నా నెత్తిన రుద్దారు.

ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరం ఆటకు వెళ్ళేవాళ్ళం. చీర మీద మోకాళ్ళు దాటే కోటు, కాళ్ళకు మంచు బూట్లు. రింక్ అనే ఆ మంచు మైదానం చుట్టూ తడిసిన తోలు వాసన, మాడిన పాప్‌కార్న్ వాసన. ఇప్పటికీ ఏ సినిమా హాల్లోనో ఆ పాప్‌కార్న్ వాసన తగిలితే నా పాదాలకు చలేస్తుంది. ఎంత బాగుండేవో ఆ ఆదివారాలు!

మావారిది చిన్నప్పటి నుంచీ కబడ్డీ పిచ్చి. ఆయనకు ఈ ఆట మొదటిరోజే అర్థమైపోయింది. "ఏమోయ్, ఇదీ కబడ్డీయే. కూత లేదు, అంతే తేడా" అన్నారు. నాకు మాత్రం ఒక్కడే అర్థమయ్యాడు. అతను డిఫెన్స్‌మన్. గోల్ కొట్టడం అతని పని కాదు, కొట్టడానికొచ్చేవాడికి అడ్డుపడటం. ఈ ఆటలో బంతికి బదులు పక్ అనే నల్ల రబ్బరు బిళ్ళ ఉంటుంది. అది ఇనపగుండులా దూసుకొస్తుంటే, బుద్ధున్న మనిషెవడైనా తప్పుకుంటాడు. ఇతను ఎదురెళ్ళి దాని ముందు మంచు మీద పడుకునేవాడు. ముందు పళ్ళు లేవు, నవ్వితే పసివాడిలా ఉండేవాడు. కెనడాలో ఎక్కడో గోధుమ పొలాల మధ్య పుట్టి, ఏళ్ళ తరబడి బస్సుల్లో కునికిపాట్లు పడుతూ, పెద్ద లీగ్ నుంచి ఫోన్ కోసం ఎదురుచూస్తున్నాడు. ముప్పై దాటాయి. ఆ ఆటలో ముప్పై అంటే ముసలితనమే.

ఒకసారి పక్ అతని బూటుకు తగిలి సొంత గోల్‌లోకే పోయింది. రింక్ అంతా నిశ్శబ్దం. మావారు మాత్రం లేచి నిలబడి, "కంచే చేను మేసిందిరోయ్!" అని తెలుగులో అరిచారు. నేను సిగ్గుతో చచ్చాను. ఆట అయ్యాక అతనే వచ్చి, ఇందాక ఏమన్నారని అడిగాడు. మావారు విడమరిచి చెబితే పడీపడీ నవ్వాడు. అప్పటి నుంచి మా ఇంటికి రాకపోకలు. ఆవకాయ ముక్క కొరకడానికి పళ్ళేవీ, పాపం. పెరుగన్నం మాత్రం గిన్నె ఖాళీ చేసేవాడు.

కొన్నేళ్ళు అలా గడిచాక, ఓ శీతాకాలం ఆటలో పక్ ఎగిరొచ్చి అతని ఎడమ కంటికి తగిలింది. కళ్ళకు అడ్డంగా అద్దం పెట్టుకోవడం ఆ రోజుల్లో వాళ్ళకు నామోషీ. పిరికివాళ్ళు పెట్టుకుంటారట! ఏం పౌరుషమో, తగలెయ్య. వాపు తగ్గింది, రక్తం ఇంకింది, కానీ కంటి లోపల, చూపు నిలిచే చోట, మచ్చ మిగిలింది. మానుతుందేమో ఆగి చూద్దామన్నాను. వారం వారం వచ్చి చూపించుకునేవాడు.

సరిగ్గా అప్పుడే ఆ ఫోన్ వచ్చింది. పెద్ద టీమ్‌లో ఒక డిఫెన్స్‌మన్ కాలు విరిగింది, వెంటనే రమ్మన్నారు. కంటి డాక్టరు సంతకం ఒక్కటి కావాలి. ఒక కన్ను పోయినవాణ్ణి ఆ లీగ్ ఆడనివ్వదు.

కోటు వేసుకుని, టై కట్టుకుని వచ్చాడు. కుడి కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదవమన్నాను. కింది వరస దాకా గడగడా చదివేశాడు. ఆ గడగడే నాకు అనుమానం తెచ్చింది. మచ్చ పడిన కన్ను తడుముకుంటుంది. ఇతను ఎక్కాలు అప్పజెప్పినట్టు చెబుతున్నాడు. గుంటూరులో చదువుకునేటప్పుడు లారీ డ్రైవర్లు అచ్చం ఇలాగే చేసేవాళ్ళు, లైసెన్సు కోసం చార్టు కంఠతా పట్టి వచ్చేవాళ్ళు. అలాంటివాళ్ళ కోసం మా ప్రొఫెసరు ఒక ఉపాయం నేర్పారు. చదువు రానివాళ్ళకు చూపించే అట్ట ఒకటుంటుంది. దాని మీద మూడు పళ్ళ దువ్వెనలాంటి గుర్తు ఒక్కటే. ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. సొరుగులోంచి దాన్ని తీశాను.

"పళ్ళు ఎటున్నాయో వేళ్ళతో చూపించు."

పైకి తిప్పాను. పక్కకు చూపించాడు. కిందికి తిప్పాను. తల వంచి ఓరకంట వెతికాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఒక్క ఆట, డాక్" అన్నాడు మెల్లగా. "ఒక్కటే."

"కుదరదు" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినబడింది. అతను లేచి వెళ్ళిపోయాడు.

మావారు నన్ను దులిపేశారు. "నీ సొమ్మేం పోయిందోయ్? ఒక్క సైన్ చేస్తే వాడి డ్రీమ్ తీరేది కదా!"

"రెండో కన్ను కూడా పోతే మీ కన్ను ఇస్తారా?" అని నేనూ అరిచాను. ఆ తర్వాత ఆయన నాతో ముభావంగానే ఉన్నారు. నాకూ అన్నం సయించలేదు. చేసింది సబబేనని తెలుసు, అయినా రాత్రిళ్ళు ఏడ్చేదాన్ని.

కొన్నాళ్ళకు ఆట మానేసి, సామానంతా ట్రక్‌లో వేసుకుని, వెళ్ళొస్తానని చెప్పడానికి అతను మా ఇంటికొచ్చాడు. మావారు ఉండబట్టలేక, "పక్క ఊళ్ళో ఆ ముసలి డాక్టరున్నాడుగా, తలెత్తకుండా సైన్ చేస్తాడు. ఆయన దగ్గరికి పోవాల్సింది" అనేశారు.

"తెలుసు" అన్నాడతను. "టీమ్ వాళ్ళు ఆయన దగ్గరికే పొమ్మన్నారు."

నేను అతని వైపు తిరిగాను. "మరి నా దగ్గరికెందుకొచ్చావు?"

"సూటిగా వచ్చే పక్ ఎంత దూరంలో ఉందో నాకు తెలియడం లేదు, డాక్. నా వెనక గోల్‌కీపర్ ఉంటాడు. నేను ఆపలేకపోతే అది వాడి మొహానికి తగులుతుంది."

"అయితే ఆ చార్టు కంఠతా పట్టడమేమిటి?"

"ఆశ" అన్నాడు. "మీరు కనిపెట్టకపోతే ఆడటానికి వెళ్ళిపోదామనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ ఫోన్ కోసమే బతికాను. అది మోగాక రానని చెప్పడం నావల్ల కాలేదు. మీరైతే కుదరదని చెబుతారని వచ్చాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వనలేని మాట నాచేత అనిపించావా? ఇన్నాళ్ళూ నేనెంత ఏడ్చానో తెలుసా?" అని తెలుగులోనే దులిపేశాను. తిడుతూనే ఏడ్చాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తల వంచుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత నా భుజం తట్టి, ట్రక్ ఎక్కి వెళ్ళిపోయాడు. పెద్ద లీగ్ మంచు మీద అతను ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.