మైసమ్మ చేతి కీష్‌లు

చీజు డబ్బా మూత తీసిన మొదటి రోజే మైసమ్మ దుర్గాబాయి వంటింట్లోంచి పరుగెత్తి, పెరట్లో జామచెట్టు మొదట్లో వాంతి చేసుకుంది. పుట్టినప్పటి నుంచీ చేపల మధ్య పెరిగిన మనిషి ఆమె. శామీర్‌పేట చెరువులో మొగుడు వీరయ్య పట్టిన బొచ్చెల్నీ కొర్రమీనుల్నీ గంపకెత్తుకుని బొల్లారం, కౌకూర్ వీధుల్లో తిరిగి అమ్మేది. పొట్ట చీల్చి పేగులు తీసేటప్పుడు కూడా ఏనాడూ ముఖం చిట్లించలేదు. అలాంటిది ఒక పసుపురంగు గడ్డ, నాలుగు రోజులు ఉతకని మేజోళ్ళ వాసన వేస్తూ, ఆమె కడుపులో ఉన్నదంతా తోడేసింది.

"అమ్మా, గిది మురిగిపోయింది. పారేస్త," అంది నోరు కడుక్కుని వచ్చి.

దుర్గాబాయి నవ్వింది. "మురగలేదు మైసమ్మా, మాగింది. దాని వాసనే అంత."

"మాగుడేంది, మామిడికాయనా? థూ!"

అది 1994. దుర్గాబాయి భర్త ఉద్యోగరీత్యా పదేళ్ళు పాండిచ్చేరిలో ఉండి, రిటైరయ్యాక కౌకూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆవిడ అక్కడ పక్కింటి ఫ్రెంచి ముసలావిడ దగ్గర కీష్‌లు చేయడం నేర్చుకుంది. కీష్ అంటే ఉప్పగా ఉండే టార్టు. అసలుది పళ్ళెమంత ఉంటుందట. దుర్గాబాయి మాత్రం పార్టీల కోసం ఒక్క నోటికి సరిపడేంత బుల్లివి చేసేది. బొల్లారం వైపు మిలిటరీ ఆఫీసర్ల ఇళ్ళలో పుట్టినరోజులకీ పెళ్ళిరోజులకీ ఆవిడకి కబురొచ్చేది. వారానికి రెండుసార్లు చేపలు తెచ్చే మైసమ్మను ఒకనాడు, పనిమనిషి రాలేదని, పిండి కలపడానికి కూర్చోబెట్టింది. గంపలో ఐసుగడ్డల మధ్య తిరిగి తిరిగి మైసమ్మ వేళ్ళు చల్లగా ఉన్నాయి. వెన్న కరగలేదు. "ఈ పిండికి ఇలాంటి చేతులే కావాలే!" అని దుర్గాబాయి ఆ రోజు నుంచీ ఆమెను వదల్లేదు.

మైదాలో గట్టి వెన్న వేసి, రవ్వలా అయ్యేదాకా వేళ్ళ కొసలతో నలపాలి. అరచెయ్యి తగలకూడదు. చన్నీళ్ళు చిలకరించి ముద్ద చేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. పల్చగా వత్తి, స్టీలు గ్లాసుతో బిళ్ళలు కోసి, చిన్న చిన్న టిన్నుల్లో పరిచి, ఉబ్బకుండా లోపల గుప్పెడు శనగలు పోసి ఒకసారి కాల్చాలి. తర్వాత శనగలు తీసేసి, వేయించిన ఉల్లిగడ్డో పాలకూరో అడుగున వేసి, గుడ్లూ మీగడా మిరియాలపొడీ గిలక్కొట్టి పోసి, పైన ఆ చీజు తురిమి మళ్ళీ కాల్చాలి. రెండేళ్ళలో మైసమ్మ చెయ్యి దుర్గాబాయి చేతిని మించింది. చీజు తురిమేటప్పుడు మాత్రం కొంగు ముక్కుకు కట్టుకునేది. ఒక్కటి కూడా నోట్లో పెట్టలేదు.

"రుచి చూడకుండా ఉప్పు ఎలా తెలుస్తుందే నీకు?" అనేది దుర్గాబాయి.

"వాసనతోనే తెలుస్తదమ్మా. ఇంక నోట్లె గూడ పెట్టుకోవాల్నా?"

2001లో దుర్గాబాయి మోకాళ్ళు మొరాయించాయి. పొయ్యి ముందు నిలబడలేక పార్టీలు ఒప్పుకోవడం మానేసి, నలభై ఎనిమిది టిన్నులూ పాత చీరలో మూటగట్టి మైసమ్మ చేతిలో పెట్టింది. "వీటిని మూల పడెయ్యకు," అంది.

ఆ కీష్‌లను వెతుక్కుంటూ వచ్చింది బాలమణి. మేడ్చల్ దగ్గర ద్రాక్షతోటలున్న ఇంటి కోడలు. మొగుడు జనార్ధన్ ఆ తోటలు పీకించి ప్లాట్లు కోశాడు. శామీర్‌పేట నుంచి తుర్కపల్లి పోయే దారిలో ఫాంహౌస్ కట్టి, స్థలాలు కొనేవాళ్ళకీ, సంతకాలు పెట్టేవాళ్ళకీ అక్కడ పార్టీలిచ్చేవాడు. ఎవరో పెద్దాఫీసరు ఇంట్లో దుర్గాబాయి కీష్‌లు తిన్నాక, అవి తన బల్ల మీద కూడా ఉండాలని అతనికి పంతం పట్టుకుంది.

మొదటి రోజు బాలమణి మైసమ్మ చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే వదిలేసి తన చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"నీసు కొడ్తాంది. గీ చేతులతోనా చేస్తవ్?"

"గివే చేతులమ్మా. వేరేవి లేవు."

"మందుసబ్బుతోని మూడుసార్లు కడుగు. ఇంకోటి జెప్తున్న ఇను. గివి నేను చేసిన అనే జెప్త అందరికి. చేపలామె చేసిందంటె ఎవ్వలు ముట్టరు. పార్టీ ఉన్నంతసేపు వంటింట్లకెళ్లి బయటికి రావొద్దు."

మైసమ్మ తలూపింది. వీరయ్యకు ఆ ఏడు చెరువులో సరిగా చేపలు పడలేదు. కూతురు దీప బడికి పోతోంది. తలూపక ఏం చేస్తుంది? కానీ మూడోసారి చేతులు కడుగుతున్నప్పుడు ఆమెకు రోత పుట్టింది. పక్కనే గిన్నెలో ఆ మేజోళ్ళ కంపు చీజు ఉంది. దాన్ని బాలమణి అపురూపంగా రెండు చేతులతో ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టింది. దాని కంపు ఆమెకు కంపు కాదు. పొద్దున్నే చెరువులోంచి ఎగిరిపడుతూ వచ్చిన చేప మాత్రం నీసు.

నాలుగేళ్ళు అలా గడిచాయి. దోమల జాలీ కిటికీలోంచి మైసమ్మకు పార్టీలన్నీ వినబడేవి. "పొద్దుగాల్నించి నిలబడి చేసిన. ఫ్రెంచి పుస్తకం జూసి నేర్చుకున్న," అనేది బాలమణి. ఎవరైనా ఎలా చేస్తారని అడిగితే లోపలికి ఉరికొచ్చి, "జల్దీ చెప్పు, పిండి గట్ల పొరలు పొరలు ఎట్లయితది?" అని అడిగి, రెండు ముక్కలు పట్టుకుని మళ్ళీ బయటికి ఉరికేది.

వినడం ఒక ఎత్తు, తిరిగొచ్చిన పళ్ళాలు చూడడం ఒక ఎత్తు. ఒక్క నోటికి సరిపోయేదాన్ని కూడా సగం కొరికి వదిలేసేవాళ్ళు. కొరికిన అంచున లిప్‌స్టిక్ ఎర్రగా అంటుకుని ఉండేది. నమిలిన పుట్టగొడుగు ముక్కను ఇంకో కీష్ మీద ఉమ్మేవాళ్ళు. పళ్ళు కుట్టుకున్న పుల్లల్ని వాటిలోనే గుచ్చేవాళ్ళు. ఒకాయన ప్రతిసారీ సిగరెట్టును గుడ్డు మీగడ మధ్యలో నొక్కి ఆర్పేవాడు. పసుపుపచ్చటి మెత్తదనంలో నల్లటి గుంట. పొద్దున ఐదింటికి లేచి తను నలిపిన పిండి అది. ఆ ఎంగిలంతా మైసమ్మే చేత్తో ఎత్తి బకెట్లో వేసేది. మందుసబ్బుతో అప్పుడు కడుక్కోమని బాలమణి ఎన్నడూ అనలేదు.

దీప మాత్రం ఇంటికి రాగానే చుట్టూ తిరిగేది. "ఎట్లుంటయమ్మా అవి? నాకొక్కటి తేరాదు?"

తేవడానికి వీల్లేదు. కీష్‌లు లెక్కపెట్టి బయటికి పంపేది బాలమణి. మిగిలినవి ఫ్రిజ్‌లోకి పోయేవి.

2005 ఎండాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్ద విందు జరిగింది. జనార్ధన్ కొత్త వెంచర్ మొదలుపెట్టిన సందర్భం. మైసమ్మ నూట ఎనభై కీష్‌లు చేసింది. మూడింటికల్లా కార్లన్నీ వెళ్ళిపోయాయి. పళ్ళాలు తోమి వచ్చేసరికి బాలమణి మిఠాయి డబ్బా ఒకటి దారంతో కట్టి చేతిలో పెట్టింది.

"మీ దీపకు పెట్టు. ఎన్నేండ్ల నుంచో అడుగుతాందంటివి గద."

నాలుగేళ్ళలో మొదటిసారి మైసమ్మ మనసులో బాలమణి మీద ఉన్న కోపమంతా కరిగిపోయింది. ఎర్రటి ఎండలో డబ్బాను కొంగు కింద పెట్టుకుని ఇంటిదాకా నడిచింది. పదకొండేళ్ళ దీప గుమ్మంలోనే లాక్కుంది. మైసమ్మ కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చేలోగా రెండు తినేసింది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. కళ్ళు మెరుస్తున్నాయి.

"మస్తున్నయమ్మా! కని గిందుల నల్లగ ఏందో ఉంది, జూడు."

మైసమ్మ చూసింది. మీగడ మధ్యలో గుంట. గుంట చుట్టూ బూడిద. డబ్బాలో ఉన్నవన్నీ బోర్లించింది. ఒక్కటీ గుండ్రంగా లేదు. ప్రతిదానికీ ఒక పక్క కత్తితో తిన్నగా కోసిన అంచు ఉంది. కోత సరిగా పడని చోట పళ్ళ గాట్లు ఉన్నాయి. ఒకదానిలో విరిగిన పళ్ళపుల్ల. దాన్ని గుర్తుపట్టింది మైసమ్మ. రెండు గంటల కింద తన చేత్తోనే బకెట్లో వేసింది. బకెట్లోంచి తీసి, కొరికిన మేర కోసి, డబ్బాలో సర్ది, దారం కట్టారు.

"ఊంచెయ్! ఊంచెయ్ బిడ్డా!" మైసమ్మ కూతురి నోట్లో వేలు పెట్టి కక్కించబోయింది. దీప వెనక్కి తగ్గి ఏడ్చింది.

"మంచిగున్నయంటే ఎందుకు కక్కమంటవ్?"

మైసమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. వినగానే దీప ముఖం మెల్లగా పాలిపోయింది. వాకిట్లోకి వెళ్ళి తనంతట తనే కక్కుకుంది. మైసమ్మ వీపు రాస్తూ నిలబడింది. వాళ్ళ మీద అసహ్యం ఒకటే కాదు, అంతకుమించి తన మీద తనకే రోత వేసింది. డబ్బా ఇచ్చినందుకు ఆవిడ చేతులు కళ్ళకద్దుకోవాలనిపించింది కదా దారిలో!

వీరయ్య డబ్బాను కుక్కలకు విసరబోయాడు. "పారేసి ఊకో. పటేలోల్లతోని మనకేంది పంచాయితీ?"

"పారెయ్యకు. గది వాల్లదే, వాల్లకే ఇస్త."

మర్నాడు పొద్దున ఫాంహౌస్‌కు వెళ్ళేసరికి జనార్ధన్ వరండాలో పేపరు చదువుతున్నాడు. బాలమణి ఎదురుగా కూర్చుని తల దువ్వుకుంటోంది. మైసమ్మ పెరటివైపు పోకుండా నాలుగేళ్ళలో మొదటిసారి ముందు మెట్లెక్కి, డబ్బా మూత తీసి చాయ్ కప్పుల పక్కన పెట్టింది. రాత్రంతా ఎండాకాలపు ఉక్కలో ఉండి గుడ్డూ మీగడా పులిసి కంపు లేచింది. చీమలు పట్టాయి.

"అమ్మా, గిండ్ల ఏం బెట్టిన్రు నిన్న?"

"మిగిలినయ్ బెట్టిన. ఏమైంది?"

"మిగిలినయ్ గావు. కొరికినయ్. బకెట్ల నేను పారేసినయ్."

బాలమణి దువ్వెన ఆగింది. సిగ్గుపడలేదు, విసుక్కుంది. "కొరికిన కాడికి కోసేసిన గద! మంచి సామాను, పారేస్తె పాపం. మీ పిల్ల తింటదని..."

"అయితె మీరొకటి తినుర్రి."

"ఏం మాట్లాడ్తున్నవే?"

"కోసేసిన్రు గద అమ్మా. ఇగ ఎంగిలేంది? తినుర్రి. పటేలా, మీరన్న తినుర్రి."

జనార్ధన్ పేపరు దించాడు. డబ్బాలోకి ఒకసారి చూశాడు. బూడిద గుంట కనబడిందేమో, ముఖం పక్కకు తిప్పుకుని పేపరు మళ్ళీ ఎత్తుకున్నాడు. బాలమణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆమె గొంతులోంచి ఒక ఓకరింత పైకొచ్చి ఆగింది.

"తియ్, అవతలికి తియ్! గలీజు!"

"గలీజేనమ్మా. నా బిడ్డ గది రెండు తిన్నది. గదే చెప్పనీకి వచ్చిన."

లోపలికి పోయి టిన్నులు చీరలో మూట కట్టుకుంది. బాలమణి వెనకే వచ్చింది. "గవెక్కడికి తీస్కపోతున్నవ్? ఎల్లుండి లేడీస్ అంత వస్తున్నరు. పదిమందికి జెప్పిన!"

"ఫ్రెంచి పుస్తకం ఉంది గద అమ్మా," అంది మైసమ్మ.

గేటు దాటాక రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చుని చాలాసేపు ఊరికే ఉమ్మింది. ఎంత ఉమ్మినా నోరు శుభ్రమైనట్టు అనిపించలేదు.

ఆ ఎల్లుండి సంగతి ఫాంహౌస్ వాచ్‌మన్ రామయ్య చెప్పాడు. బాలమణి తనే చేసిందట. అడుగు పచ్చిగా, పైన మాడిపోయి వచ్చాయట. హడావిడిగా బేకరీ నుంచి పఫ్‌లు తెప్పించారట. తర్వాత రెండుసార్లు మైసమ్మ ఇంటి ముందు బాలమణి పంపిన కారు ఆగింది. రెండుసార్లూ డ్రైవరు ఒట్టి చేతులతోనే పోయాడు.

ఏడాదిన్నర మళ్ళీ చేపలే అమ్మింది. కోసిన చేప తలలతో, పొలుసులతో ఒళ్ళంతా నిండిపోయినా ఆమెకు ఏ రోతా లేదు. దుర్గాబాయే ఊరుకోలేదు. తన పాత ఓవెన్‌ను ఆటోలో వేసి పంపించింది, తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. తుర్కపల్లి ల్యాబుల్లో పనిచేసే ఇద్దరమ్మాయిలు మొదట అడిగారు. తర్వాత వాళ్ళ స్నేహితులు. కంపెనీ క్యాబులు శామీర్‌పేట మీదుగానే పోతాయి కాబట్టి పొద్దున్నే ఆగి ట్రేలు తీసుకెళ్ళేవి. ట్రే మూత మీద దీప తన గుండ్రటి అక్షరాలతో 'మైసమ్మ, శామీర్‌పేట' అని రాసేది. రాయడమే తప్ప వాటి దగ్గరికి వచ్చేది కాదు. ఓవెన్ వెలిగిస్తే పుస్తకాలు తీసుకుని వాకిట్లోకి పోయేది. మైసమ్మ కూడా ఎన్నడూ రమ్మనలేదు. పిల్లకు ఒక్క వస్తువు మీదున్న ఇష్టాన్ని అట్లా చంపేసినవాళ్ళను తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ రోత పుడుతుంది.

2008లో ఒకనాడు సెల్‌ఫోన్‌కు తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. అవతల చిన్న వయసు గొంతు, చాలా మర్యాదగా ఉంది.

"మైసమ్మగారా? నేను తృప్తిని. జనార్ధన్‌గారి కోడల్ని. మా అత్తమ్మవాళ్ళ షష్టిపూర్తి పార్టీ ఉంది, వచ్చే గురువారం. మీ కీష్‌లు చాలా బాగుంటయంట. రెండువందలు కావాలండి. మీ పేరు చెప్పే పెడ్తం."

ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదని మైసమ్మకు తెలుసు. పేరు చెప్పి పెడతానంటోంది కూడా. అయినా ఆ వరండా, ఆ చాయ్ కప్పులు, కొంగు చాటున ఆ ముఖం కళ్ళ ముందుకొచ్చాయి.

"గురువారం తీరిక లేదు బిడ్డా."

"ఇంకో రోజు మార్చుకుంటమండి, మీరు ఎప్పుడంటే..."

"మీ ఇంటికి నాకు ఏ దినం తీరిక లేదు," అని ఫోను పెట్టేసింది.

ఆ గురువారం ఏ ఆర్డరూ లేదు. వీరయ్య వలలో రెండు పెద్ద రవ్వు చేపలు పడ్డాయి. మైసమ్మ వాకిట్లో కత్తిపీట వేసుకుని కూర్చుంది. దీప చెంబుతో నీళ్ళు పోస్తుంటే, మధ్యాహ్నం దాకా పొలుసులు గీకుతూ ఉంది.