వేలంలో పాడుకున్న బిడ్డ

జ్ఞానమ్మ రేపల్లెలో ఒక మిషను ఆసుపత్రిలో ఆయా. తిండి చాలక ఎండిపోయిన పిల్లల్ని అక్కడ నెలా రెండు నెలలు ఉంచుకుని, కండపట్టాక ఇంటికి పంపేవారు. ఆపైన మందూ మాకూ ఏమీ లేదు. పక్షానికొక శుక్రవారం జ్ఞానమ్మ ఆ ఇళ్ళకు వెళ్ళి, కొక్కెం కాటాకు గుడ్డ ఉయ్యాల తగిలించి పిల్లని తూచి, తల్లికి నాలుగు మాటలు చెప్పి రావాలి. పన్నెండేళ్ళు ఆ పనే చేసింది. అమృతలూరు మాగాణుల్లో పుట్టిన మనిషి, సముద్రపు వాళ్ళ సంగతులు దెబ్బలు తినే నేర్చుకుంది.

ఎనభై ఆరులో నిజాంపట్నం పక్క పల్లెలో కోటమ్మ కూతురు పేరంటాలును చూడబోయేది. రెండేళ్ళ పిల్ల. ఎనిమిది కిలోలు చేసి పంపితే, రెండోసారి వెళ్ళేసరికి అరకిలో తగ్గింది. కోటమ్మ పెదవి చిట్లి ఉంది.

"ఏంటమ్మాయ్, గుడ్డు పెట్టట్లేదా?"

"పెట్టినందుకే ఇది," కోటమ్మ పెదవి చూపింది. "ఆసుపత్రోళ్ళు బాగుచేశాక ఇంకా గుడ్లేంటే, మీ నాన్న పంపిన కోడి పెట్టిందా అన్నాడు నా మొగుడు."

పిల్ల ఇంకా దిగిపోతే మళ్ళీ వార్డుకు తేవాలి. మొగుడు సింగరయ్య ఈసారి పంపడు. పంపకపోతే పిల్ల దక్కదు.

మూడోసారి జ్ఞానమ్మ పిల్లని ఉయ్యాలలో వేసిందో లేదో, సింగరయ్య తెడ్డు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. కళ్ళు చింతనిప్పులు.

"కొక్కేనికెక్కిందేదీ ఇంటికి తిరిగిరాదే! తూచిన చేప కొన్నోడిది. తూచి తూచి నా బిడ్డని అమ్మేశావ్, అందుకే తరిగిపోతంది!"

"ఆగు అబ్బాయ్, పిల్లని దించనియ్యి..."

తెడ్డు దిగింది. జ్ఞానమ్మ మణికట్టు చెరకుగడలా విరిగింది. రెండో చేత్తో పిల్లని పొట్టకు అదుముకుని మోకాళ్ళ మీద కూలింది. రెండో దెబ్బకు కాటా ముక్కలైంది. అడ్డమొచ్చిన కోటమ్మను జుట్టుపట్టి ఈడ్చి గుంజకేసి కొట్టాడు. ఆమె చేతికందిన చేపల కత్తి విసిరింది. మొగుడి ముంజేయి చీలింది. ఇసుకలో ఎవరి నెత్తురెంతో తెలియలేదు.

జ్ఞానమ్మ పోలీసు రిపోర్టు ఇచ్చింది. "క్షమించడం ఆదివారం పని. ఎముక విరిగింది శుక్రవారం," అంది. సింగరయ్య నాలుగు రోజులు లాకప్పులో ఉండి, ఇంకా కాగిపోయి వచ్చాడు.

పక్షం తిరిగింది. వెళ్ళొద్దన్నారు డాక్టరమ్మ. "ఇంకొకరికి తలుపు తీయరండి," అని కట్టు చేత్తోనే బస్సెక్కింది. ఇంటికి కాదు, కోటమ్మ బిడ్డను చంకనేసుకొచ్చి గంపలు దించే చేపల వేలం దగ్గరికి.

"పెద్దిరాజన్నా, నా కాటా విరిగింది. నీదోసారి ఇయ్యి."

వేలం పాట పెట్టే పెద్దిరాజు అదిరిపడ్డాడు. "పిల్లనా? సింగరయ్య నన్ను నరుకుతాడమ్మా!"

"నరికితే ముక్కలు నేను తూస్తాలే బావా," అంది గంప దించుతున్న ఒకామె. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే కోటమ్మ పిల్లని గంపలో కూర్చోబెట్టి కొక్కేనికి తగిలించింది. ఏడుంబావు.

అప్పుడే సింగరయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఒక్క గుద్దుకు పెద్దిరాజు ముందు పన్ను ఊడి ఇసుకలో పడింది. "అమ్మేస్తన్నారా నా కూతుర్ని!" అంటూ మొలలోని కత్తి తీశాడు. జ్ఞానమ్మ గంపకు అడ్డంగా నిలబడింది.

"నా పాట!" కోటమ్మ గొంతు చించుకుని అరిచింది. కొంగు ముడి విప్పి నోటు పెద్దిరాజు చేతిలో కుక్కింది. "అయిదు రూపాయలు!"

పెద్దిరాజు నెత్తురు ఉమ్మి, అలవాటు కొద్దీ అందుకున్నాడు. "అయిదు, ఒకటోసారి... అయిదు, రెండోసారి..."

ఆ రేవులో వలల కోసం పొడుచుకున్నారు, పడవల కోసం చంపుకున్నారు. కానీ మూడోసారి అన్నాక ఇంకొకరి పాట మీద చెయ్యి వేసినవాడి చేప మళ్ళీ ఎవడూ కొనడు. సింగరయ్య నోరు తెరిచాడు. కన్నబిడ్డకు తానూ పాట పాడాలా? జనమంతా అతని మొహమే చూస్తున్నారు.

"మూడోసారి. కోటమ్మది."

కోటమ్మ పిల్లని చంకనేసుకుంది. "విన్నావుగా? అమ్మితే కొన్నది నేనే. దీనికేం పెట్టాలో నేను చూసుకుంటా."

కత్తి మొలలోకి పోయింది. కోటమ్మకు దెబ్బలు తప్పాయని కాదు. పిల్ల పళ్ళెం జోలికి మాత్రం అతను రాలేదు. అటుపైన జ్ఞానమ్మ ఆ రేవులో ఏ పిల్లని తూచినా, తల్లి కొంగు ముడి విప్పి పాట పాడితే గానీ జనం దించనిచ్చేవాళ్ళు కాదు.