చిన్నోబయ్య చేను ఏమైంది

ఆళ్లగడ్డలో బస్సెక్కే ముందు కుళాయి కింద రుద్ది రుద్ది కడుక్కున్నా, పాత భూమి పటాల వాసన నా చేతుల్ని వదల్లేదు. గుడ్డ అతికించిన మందపాటి కాగితం, చెమ్మ, పురుగుల మందు, అన్నీ కలిసిన ఆ వాసన శిరివెళ్ల దాటి నంద్యాల దగ్గరపడేదాకా ముక్కులోనే ఉంది. కిటికీ పక్క సీటు దొరికినా నిలకడగా కూర్చోలేకపోయాను. సంచిలోని నకళ్లు తీయడం, చూడటం, మళ్లీ మడిచి పెట్టడం, ఇదే పని. నాయనకు ఈ మాట ఎట్లా చెప్పాలో తెలియలేదు.

మాది శిరివెళ్ల దగ్గర నల్లరేగడి చేల మధ్య ఊరు. వాన పడిందంటే వీధిలో నడిచిన ప్రతి కాలికీ బంకమట్టి చెప్పులా అతుక్కునేది. ఎండాకాలం ఆ మట్టే చెయ్యి దూరేంత వెడల్పున నెర్రెలు విచ్చేది, అచ్చనగండ్లు ఆడుతుంటే రాళ్లు అందులో పడి మళ్లీ దొరికేవి కావు. చేను నుంచి పచ్చి బుడ్డలు, అవే వేరుశనక్కాయలు, బండ్లకొద్దీ వచ్చిన రోజుల్లో వీధి వీధంతా ఉడికిన బుడ్డల వాసనే, ఆవిరే, నోట్లో వేసుకుంటే నాలుక కాలే ఉప్పటి రుచే. మా జేజి, అంటే నాయన తల్లి, అరుగు మీద కాళ్లు చాపుకుని బుడ్డలు వలుస్తూ, తలలో కొప్పు సర్దుకుంటూ, ఎవరడిగినా అడగకపోయినా చిన్నోబయ్య కథ మొదలుపెట్టేది.

జేజినాయనకు, అంటే జేజి మొగుడికి, తాత చిన్నోబయ్య. ఆయన అన్న పెద్దోబయ్య. తమ్ముడు శివరాత్రికి కాలినడకన శ్రీశైలం పోతే, వచ్చేసరికి అన్న గట్టు రాళ్లు పీకించి, తమ్ముడి చేనంతా తన చేనులో కలిపేసుకున్నాడట. తమ్ముడు ఆ గట్టు మీదే కూలబడి ప్రాణం వదిలాడట. అక్కడికొచ్చేసరికి జేజి చేతిలో బుడ్డ టప్పుమని పగిలేది.

"వాళ్లింటి గడప తొక్కొద్దు. వాళ్లిచ్చింది నోట్లో పెట్టొద్దు," అనేది మాకేసి చూసి.

వాళ్లంటే పెద్దోబయ్య సంతతి. మా వెనక వీధిలోనే ఉండేవాళ్లు. వాళ్లమ్మాయి ఓబులమ్మ నా ఈడుది, బడిలో నా పక్కనే కూర్చునేది. చింతచిగురు పావడాలో మూటగట్టుకుని తెచ్చేది, నా పలకను తన పావడాతోనే తుడిచేది, నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోయేవి. పెద్దవాళ్ల సంగతి పెద్దవాళ్లదే అనుకుని మేం బడి వెనక ఆడుకునేవాళ్లం.

నాలుగో తరగతిలో ఉండగా ఒక ఉగాది నాడు ఓబులమ్మ వేడివేడి ఓళిగను నెయ్యి కారుతుండగా ఆకులో పెట్టుకుని మా ఇంటి సందులోకే వచ్చింది. నేను ఒక్క ముక్క కొరికానో లేదో, జేజి ఎక్కడి నుంచి చూసిందో, వచ్చి నా దవడలు నొక్కి వేలుపెట్టి ఆ ముక్కను బయటికి తీసింది. ఆకును వీధిలోకి విసిరింది. తొట్టి దగ్గరికి ఈడ్చుకుపోయి నోరు పుక్కిలించేదాకా మెడ వదల్లేదు. ఓబులమ్మ ఏడవలేదు. నెయ్యి అంటిన చేతులు పావడాకు తుడుచుకుంటూ నిలబడి చూసి వెళ్లిపోయింది. మరుసటి రోజు బడిలో ఇంకో వరసలో కూర్చుంది. పదో తరగతి అయ్యేదాకా ఆ వరస మారలేదు. తర్వాత ఆమెకు గోస్పాడులో పెళ్లయింది, నేను నంద్యాలలో టీచరునయ్యాను.

జేజి పోయిన ఇన్నేళ్లకు, మొన్న ఊళ్లో భూములు మళ్లీ కొలుస్తారన్నప్పుడు నాయనలో ఆ కథ కదిలింది. ఇంకా తనే సేద్యం చేసుకునే మనిషి, గొంతు పెద్దది. "చిన్నోబయ్య చేను మనకు రావాల. పాత కాగితాలు నువ్వు తీయించు, మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు. ఆ మిగతాది గొడవేనని నాకు తెలుసు. కథ నిజమైతే నాయన ఊరుకోడు. అబద్ధమైతే జేజి మాట ఏమవుతుంది? సెలవు దొరికినప్పుడల్లా ఆళ్లగడ్డకూ నంద్యాలకూ తిరిగాను, ఈ కార్యాలయం నుంచి ఆ కార్యాలయానికి.

చివరికి రెండు పటాలు దొరికాయి. పాతదానిలో అన్నదమ్ముల చేన్లు పక్కపక్కనే ఉన్నాయి. తర్వాతి పటంలో పెద్దోబయ్య చేను గట్లు అంగుళం కూడా కదల్లేదు. చిన్నోబయ్య చేను ఉండాల్సిన చోట కాలువ ఉంది. ఎండాకాలం మేమంతా ఈతలు కొట్టిన కాలువ. సర్కారు తీసుకున్న భూముల్లో ఆయన చేను నమోదై ఉంది. పేరు వేరేవాళ్లదేమోనని తండ్రి పేరు, ఊరు, పక్క చేన్లు అన్నీ సరిచూశాను. ఆ వెతుకులాటలోనే ఇంకొకటి బయటపడింది. మా ఇల్లున్న స్థలం ఒకప్పుడు పెద్దోబయ్యది. కాలువ వచ్చాక ఆయన దాన్ని తమ్ముడికి దానంగా రాసిచ్చాడు. జేజి కూర్చుని తిట్టిన అరుగు కూడా వాళ్లిచ్చిన నేల మీదిదే.

ఆ వారంలోనే ఊరికి పోయి నకళ్లు నాయన చేతిలో పెట్టాను. వాటిని మంచం మీద పరుచుకుని, కాలువ గీత వెంబడి వేలు పోనిచ్చాడు.

"మా యమ్మ అబద్దం చెప్పిందంటావా?"

"ఆమెకు చెప్పినోళ్లు అట్ల చెప్పినారు నాయనా. ఆమె నమ్మింది."

తువ్వాలు భుజాన వేసుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాతో సరిగా మాట్లాడలేదు. కానీ సర్వేవాళ్లు వచ్చిన రోజు మా చేను హద్దులు చూపించి, పెద్దోబయ్య చేను గురించి నోరెత్తకుండా ఇంటికొచ్చేశాడు.

దాంతో నా మనసు కుదుటపడాలి. పడలేదు. ఒక ఆదివారం ఆటో ఎక్కి గోస్పాడు వెళ్లి ఓబులమ్మ ఇల్లు వెతుక్కున్నాను. వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. తల నెరిసింది. నన్ను పోల్చుకుని నవ్వితే కళ్లు అట్లాగే మూసుకుపోయాయి. మంచం వాల్చి కూర్చోబెట్టింది. నేను పటాలు, కాలువ, ఇంటి స్థలం అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

"ఆ ఇంటి జాగా మావోళ్లు ఇచ్చిందేనని మా యమ్మ ఎప్పుడూ చెప్తాండె," అంది నెమ్మదిగా.

"తెలిసీ ఒక్క మాట అనలేదేమే?"

"ఇచ్చినోళ్లు మేమిచ్చినామని ఎట్ల చెప్పుకుంటారు? చెప్పినా మీ జేజి వింటాండెనా?" అని, మిరపకాయలు తిరగదోస్తూ, "మీ నాయన్ను ఇంగేం అడగొద్దు. తల్లి మాట పెద్దాయనకు ఎట్లుంటే అట్లే ఉండనీ," అంది.

ఆమె పిల్లలు ఏం చేస్తున్నారో అడిగాను. నా ఉద్యోగం ఇంకెన్నాళ్లని ఆమె అడిగింది. మిరప ధర గురించి, ఎండ గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరం కలిసి పెరగాల్సిన వాళ్లం, ఇద్దరికీ గుర్తున్నది ఆ నాలుగు తరగతుల చిన్నతనమే. అదీ ఎవరమూ ఎత్తలేదు. మా బడి గోడలు కూలి కొత్త భవనం వచ్చింది, బుడ్డల చేన్లు పోయి వరిమళ్లు వచ్చాయి, జేజి కథ చెప్పేవాళ్లు ఇక ఎవరూ లేరు. పోయిన చేను లెక్క తేలింది గానీ, మాకు పోయినదాన్ని ఏ కార్యాలయంలో వెతకాలో నాకు తెలియదు.

ఆటో దాకా వచ్చి సాగనంపింది. నేను "వస్తానే ఓబులీ" అన్నాను.

ఆమె చెంగు సర్దుకుని, రెండు చేతులూ జోడించింది.

"మళ్లా రాండి మేడమ్."