ఎర్రదారం కట్టిన కోడిపిల్ల

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడికంటూ ఒక కోడిపిల్ల ఉండేది. ఆ సంగతి చెప్పమని మా మనవరాలు వారం రోజులుగా నా వెంటపడుతోంది. మా సంఘం వాళ్లు క్రిస్మస్‌కి చిన్న పుస్తకం వేస్తున్నారట, అందులోకి పెద్దవాళ్ల జ్ఞాపకాలు కావాలట. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం తప్ప చదువు రాదు. గొంతు కూడా బొంగురుపోయి చాలా ఏళ్లయింది. నువ్వు చెప్పు, నేను రాస్తానంది పిల్ల. సరే, చెబుతున్నాను.

మాది హనుమాన్ జంక్షన్‌కి అవతల, కాలవ గట్టును ఆనుకుని ఉన్న పేట. అమ్మా నాన్నా పొద్దున్నే పొలం పనికి వెళ్లిపోయేవాళ్లు. ఇంటి దగ్గర మా నాయనమ్మ, నేను, ఒక పిల్లల కోడి. పక్కింటికీ మాకూ మధ్య తాటాకుల తడిక ఒక్కటే అడ్డం. అటు మాట ఇటు, ఇటు కూర వాసన అటు వెళ్లిపోతూనే ఉండేవి. పక్కింట్లో పిన్ని, ఆవిడ కూతురు ఉండేవాళ్లు. ఆ కూతుర్నే నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకు పేలు చూసేది అక్కే, జడ వేసేది అక్కే. చర్చిలో పాట ఎత్తుకోవాలంటే అందరూ అక్క మొహం వైపే చూసేవాళ్లు. అంత బాగా పాడేది.

మా పేటలో ఒక అలవాటు ఉండేది. ఎవరింట్లో కోడి పిల్లల్ని లేపినా అందులో ఒకదాన్ని దేవుడిదని అనుకుని కాలికి ఎర్రదారం కట్టేవాళ్లు. ఆ పిల్ల పెరిగి పెద్దదయ్యాక కోతల పండగ నాడు చంకలో పెట్టుకుని చర్చికి తీసుకెళ్లి ఇచ్చేవాళ్లు. ఎర్రదారం ఉన్న కోడిని ఇంటికి అల్లుడొచ్చినా కోసేవాళ్లు కాదు.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు, వరికోతల రోజుల్లో, మా కోడి పదకొండు పిల్లల్ని లేపింది. దేవుడికి ఏది ఇద్దామో నన్నే ఎంచమంది మా నాయనమ్మ. వాటిలో తెల్లది ఒకటి ఉండేది, నెత్తి మీద నల్ల చుక్క. నా ప్రాణమంతా దాని మీదే. దాన్ని ఒళ్లో దాచుకుని, అన్నిటికన్నా పిట్టగా, వీపు మీద చారలతో, సరిగా నిలబడలేక తూలుతున్న గోధుమరంగు పిల్లను చూపించాను.

"దేవుడికి ఇదే నచ్చిందంటావా?" అంది నాయనమ్మ.

"ఆయన దగ్గరైతే బాగా పెరుగుద్ది నాయనమ్మా. మన దగ్గరైతే చచ్చిపోద్ది" అన్నాను.

మా నాయనమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పాత చీర అంచు నుంచి దారం లాగి ఆ పిట్టదాని కాలికి కట్టింది. పిల్లల్ని గద్ద ఎత్తుకుపోకుండా కర్ర పట్టుకుని కాపలా ఉండే పని నాకు అప్పజెప్పింది.

రెండు రోజులు బాగానే ఉన్నాను. మూడో రోజు మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తోంది. కాలవ గట్టు మీద రేగుపళ్లు రాలి ఉన్నాయని ఎవరో పిల్లలు అరుచుకుంటూ పోయారు. దేవుడిదాన్ని దేవుడు చూసుకుంటాడు, మిగిలినవాటిని తల్లి చూసుకుంటుంది అనుకుని పరుగెత్తాను. గుప్పెడు పళ్లు ఏరానో లేదో, కోడి గోల గోలగా అరవడం వినిపించింది. వచ్చి చూద్దును కదా, పది ఉన్నాయి. ఎర్రదారం లేదు.

నిజం చెప్పాలంటే ముందు నాకు దేవుడి మీదే కోపం వచ్చింది. పది పిల్లల్ని వదిలేసి సరిగ్గా తనదాన్నే పోగొట్టుకున్నాడేంటి అనిపించింది. ఆ తర్వాత భయం పట్టుకుంది. మా నాయనమ్మ కొట్టేది కాదు. కానీ ఆవిడ ఒకసారి మొహం తిప్పుకుందంటే ఆ పూట అన్నం దిగేది కాదు.

అదే సమయానికి తడిక కన్నంలోంచి పక్కింటి కోడిపిల్లలు నాలుగైదు మా నూకల కోసం ఇటు దూరాయి. వాటిలో ఒకటి గోధుమరంగుది, వీపు మీద చారలు. ఇంక నా చేతులు నా మాట వినలేదు. దాన్ని పట్టుకున్నాను. చీర అంచు నుంచి నేనే దారం లాగాను. మూడు ముళ్లు వేసి కట్టేశాను. నాయనమ్మ లేచి వచ్చేసరికి పదకొండు పిల్లలు, ఒకదానికి ఎర్రదారం. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

అన్నీ సరిగ్గా ఉన్నాయని నేను అనుకున్నాను. మా కోడి అనుకోలేదు. ఆ కొత్త పిల్ల రెక్క కిందికి దూరబోతే ఠక్కున పొడిచేది. నూకల దగ్గరికి వస్తే తరిమేది. అది మూలన నిలబడి కీచు కీచుమని ఒకటే ఏడుపు. మా నాయనమ్మ ఆ పిల్లను చూసింది, కోడిని చూసింది, నన్ను చూసింది. "దేవుడి పిల్ల కదమ్మా, దీన్ని నువ్వే ఒళ్లో పెట్టుకుని చూసుకో" అంది. ఆ మాటతో నాకు దాని ఏడుపు తప్పించుకునే దారి లేకుండా పోయింది. అన్నం తినేటప్పుడూ ఒళ్లోనే, ఆడుకునేటప్పుడూ ఒళ్లోనే.

మర్నాడు పొద్దున తడిక అవతల పిన్ని గొంతు లేచింది. పిల్ల ఒకటి తగ్గిందని తెలిసిపోయింది. చూసుకోవాల్సింది అక్క.

"పాటలు నేర్చుకుంటా కూర్చుంటే పిల్లలెట్టా ఉంటాయే. నువ్వీ ఏడు క్యారల్స్‌కి పోయేది లేదు. ఇంట్లో కూర్చుని కోడికి పాడు" అంటోంది పిన్ని.

"నేను కళ్లారా చూసుకుంటానే ఉన్నానమ్మా, గద్ద కూడా రాలేదు" అని అక్క గొంతు.

"గద్ద రాకపోతే నువ్వే మింగావా?"

అక్క ఏడవడం వినపడింది. క్యారల్స్ అంటే మాకు ఏడాదికంతటికీ ఒకటే సంబరం. సాయంత్రం చర్చి దగ్గర బయలుదేరి, వెదురు బద్దలతో చేసిన నక్షత్రం ముందు పట్టుకుని, ఇంటింటికీ పాడుకుంటూ వెళ్లేవాళ్లం. ఆ ఏడు మొదటి పాట అక్కదే. ఆ పాట కోసం అక్క నెల రోజులుగా అంట్లు తోముతూ, నీళ్లు మోస్తూ, నాకు జడ వేస్తూ కూడా సాధన చేసింది. తడికకి ఇటుపక్క ఒళ్లో వాళ్ల కోడిపిల్లను పెట్టుకుని నేను కూర్చున్నాను. దాని గుండె నా అరచేతిలో టకటక కొట్టుకుంటోంది.

అయినా చెప్పలేదు. ఆదివారం దాకా ఆగాను. ఆదివారమైతే చర్చిలో దేవుడికి చెప్పేసుకోవచ్చు, ఆయన క్షమిస్తాడు, అక్కడితో అయిపోతుంది అనుకున్నాను. ఆ ఆదివారం మా చర్చి అయ్యగారు మారుమనస్సు గురించే చెప్పారు. ప్రార్థనలో మోకాళ్ల మీద కూర్చుని ఎంత ఏడ్చానంటే పక్కనున్న ఆడవాళ్లు కూడా ముక్కులు చీదారు. బయటికి వచ్చాక అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి, ఇంత చిన్న వయసులో ఇంత భక్తి ఎక్కడా చూడలేదని నాయనమ్మతో అన్నారు. నాయనమ్మ మర్యాదగా తలూపింది. అక్క ఒక్కతీ చర్చి గోడవారగా నిలబడి ఉంది. క్యారల్స్ పిల్లలందరూ లోపల పాట నేర్చుకుంటున్నారు. నాకు తేలికవుతుందనుకున్న బరువు అలాగే ఉంది, పైగా పొగడ్త ఒకటి వచ్చి చేరింది.

ఆ సాయంత్రం పొద్దు గూకే వేళ మా నాయనమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. రోజూ ఆ వేళకి పిల్లల్ని గంప కింద మూసేవాళ్లం. ఆ రోజు మూయొద్దంది. "ఊరికే చూస్తా ఉండు" అంది.

మా కోడి గొంతులో గురగురమని పిలిచింది. పది పిల్లలూ దొర్లుకుంటూ వెళ్లి రెక్కల కింద దూరాయి. ఎర్రదారం పిల్ల వాకిట్లో ఒంటరిగా నిలబడింది. ఒకడుగు మా కోడి వైపు వేసింది, పొడుపు తిని వెనక్కి వచ్చింది. అప్పుడు తడిక అవతల పక్కింటి కోడి తన పిల్లల్ని పిలిచింది. అంతే, ఆ పిల్ల మెడ నిక్కించింది. గిర్రున తిరిగి, రెక్కలు కొట్టుకుంటూ తడిక వైపు ఒకటే పరుగు. నా చేతుల్లో మూడు రోజులు నూకలు తిన్నది, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

కన్నంలో సగం దూరాక ఆగిపోయింది. నేను కట్టిన దారం కొస తాటాకు ఈనెకు చిక్కుకుంది. ముందు సగం అటు, వెనక సగం ఇటు. కొట్టుకుంటోంది, అరుస్తోంది. అవతల తల్లి కోడి పిచ్చిదానిలా తిరుగుతోంది.

"నాయనమ్మా, విప్పవే" అన్నాను.

"నేనేసిన ముడి కాదుగా" అంది ఆవిడ, కదలకుండా. "నేను ఒక ముడేస్తాను. దానికి మూడున్నాయి."

అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడకి మొదటి రోజు నుంచీ తెలుసని. నా మొహం ఎలా మారిందో గాని, నాయనమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "దేవుడితో చెప్పుకున్నావు, మంచిదే. ఆయన విన్నాడు కూడా. కానీ పిల్ల ఇంకా మనింట్లోనే ఉందిగా తల్లీ. ఆయన రాజ్యం రావాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాం. అది చర్చి కాడ నించి రాదే, ఈ తడిక కాడ నించే రావాలి" అంది.

వెళ్లాను. మట్టిలో బోర్లా పడుకుని కన్నంలో చెయ్యి పెట్టాను. ఒకటో ముడి వచ్చింది, రెండోది వచ్చింది, మూడోది బిగుసుకుపోయింది. గోరుతో లాగుతూ ఉంటే అవతల నుంచి ఇంకో చెయ్యి వచ్చి పిల్లను కదలకుండా పట్టుకుంది. అక్క చెయ్యి. కన్నంలోంచి అక్క కన్ను ఒకటి కనపడుతోంది.

"అక్కా, ఇది మీదే. గద్ద ఎత్తుకుపోయింది మా దాన్ని. మీదాన్ని నేనే పట్టుకున్నా" అని చెప్పేశాను. ముడి ఊడింది. పిల్ల ఎగిరి తల్లి రెక్క కింద దూరిపోయింది. ఏడుపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం అంత హాయిగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

కాసేపు ఆ కన్ను నన్ను అలాగే చూసింది. కోపం కనపడింది, నీళ్లు కనపడ్డాయి. తర్వాత అక్క కిసుక్కున నవ్వింది.

"అయితే గద్దవి నువ్వేనన్నమాట" అంది.

పిన్ని అంత తొందరగా నవ్వలేదు. తడిక చుట్టూ తిరిగి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, మా వంశం మొత్తాన్నీ ఒకసారి తలుచుకుంది. నేను పిన్ని కాళ్ల దగ్గర నిలబడి, అక్కను క్యారల్స్‌కి పంపమని, కావాలంటే నన్ను ఆపమని అడిగాను. పిన్ని కోపం అక్కడ విరిగింది. కొంగుతో నా మొహానికి అంటిన మట్టి తుడిచింది. "ఇద్దరూ పోండి. నా చెవులు తినకండి" అంది.

క్యారల్స్ నాటి సాయంత్రం అక్క మొదటి పాట ఎత్తుకుంటే పేట పేటంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. నక్షత్రం పట్టుకునే వంతు నాది కాకపోయినా అక్క ఇప్పించింది. ఆ కర్ర పట్టుకుని నేను నడిచిన నడక ఇప్పటికీ నా కాళ్లకి గుర్తుంది. ఒళ్లు గాలిలో తేలుతున్నట్టే ఉంది. నేను నవ్వుతుంటే పళ్లన్నీ కనపడుతున్నాయని అక్క వెక్కిరించింది.

పండగ వెళ్లిన తర్వాత రెండు సంగతులు జరిగాయి. పిన్ని తడికకి చిక్కుకుని ఉన్న నా ఎర్రదారం తీసి, ఆ చారల పిల్ల కాలికే మళ్లీ కట్టింది. దేవుడి పేరు మీద ఓసారి బయటికి పోయొచ్చినదాన్ని ఇంక నేనెట్టా తింటాను అంది. రెండోది, ఎవరూ చెప్పకుండానే నేను నల్ల చుక్క తెల్లపిల్లను నాయనమ్మ దగ్గరికి తీసుకెళ్లి దాని కాలు చాపి పట్టుకున్నాను. నాయనమ్మ దారం కట్టింది, ఒకే ముడి. మరుసటి ఏడు కోతల పండగకి అక్క ఒక కోడిని, నేను ఒక కోడిని చంకన పెట్టుకుని పక్కపక్కనే నడిచాం. నాది దారి పొడుగునా నా గౌను మీద రెట్ట వేస్తూనే ఉంది. నాకు కొంచెం కూడా బాధ అనిపించలేదు.

పెళ్లయ్యాక బెజవాడ వచ్చేశాను. బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసుల్లో గదులు ఊడ్చి పిల్లల్ని పెంచాను. మా ఆయన చనిపోయిన ఏడాది, ఇంట్లో సామాను సర్దుతుంటే మా తోడికోడలి ఇత్తడి బిందె ఒకటి బయటపడింది. అది నాదేనని ఎప్పుడో ఆవిడతో పోట్లాడి మాటలు మానేశాను. బిందె అడుగున చూస్తే వాళ్ల పుట్టింటి గుర్తు ఉంది. ఆ రాత్రే దేవుడి దగ్గర ఏడ్చి ఊరుకోవచ్చు. కానీ నాకు ఆ కోడిపిల్ల కీచుమనడం వినపడింది. తెల్లారి బిందె ఒళ్లో పెట్టుకుని ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. ఏంటి మామ్మా, బస్సులో నీళ్లు దొరకవనా అని కండక్టరు హాస్యమాడాడు. మా తోడికోడలు తలుపు తీసి, బిందెను చూసి, నన్ను చూసి, "దీన్ని తేవడానికి ఇన్నేళ్లు పట్టిందా, రా, చేపల కూర చల్లారిపోద్ది" అంది. ఆ కూర రుచి ఇప్పుడు చెప్పమన్నా చెబుతాను.

మా నాయనమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది. అక్క ఉంది. రెండు మోకాళ్లూ పట్టేశాయి గానీ గొంతు మాత్రం అలాగే ఉంది. వారానికోసారి ఫోన్ చేసి "ఏమే గద్దా, అన్నం తిన్నావా?" అంటుంది.

పొద్దు గూకే వేళ నేను మా మేడ మెట్ల మీద కూర్చుంటాను. ఇక్కడ కోళ్లు లేవు, తడికలు లేవు, కింద రోడ్డు మీద ఒకటే హారన్లు. ప్రార్థనకి మోకరించేముందు ఒక్క సంగతి చూసుకుంటాను, ఇవాళ నా గంప కింద ఎవరి పిల్లయినా ఉందా అని. ఉంటే లేచి చెప్పులేసుకుంటాను.