పదకొండో డబ్బా

ఆగస్టు మూడు, ఆదివారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా ఫ్రీజర్ వెనకగోడ నుంచి ఒక డబ్బా ఊడి వచ్చింది. ముందురోజు సాయంత్రం నుంచి కోరుట్లలో కరెంటు లేదు. ఏడాదికి పైగా పేరుకున్న మంచుగడ్డంతా కరిగి వంటింట్లో మడుగు కట్టింది. డబ్బా మూత మీద నా చేతిరాత చీటీ: ‘జూన్ 9. ముగ్గురికి, ఒక పూట.’ తుడుపుగుడ్డ అక్కడే వదిలేసి నిరుటి డైరీ తెచ్చుకున్నాను. లెక్క తప్పలేదు, నా అనుమానం తప్పింది.

నిరుడు నన్ను పదోన్నతి మీద సిరిసిల్ల ఆఫీసుకు వేశారు. ఆరు వారాలు చేసి చూసి, ఉంటానో ఉండనో రాసివ్వమన్నారు. జగిత్యాలలో పని చేసినన్నాళ్లూ వండి వెళ్లి, వచ్చి వండేదాన్ని. సిరిసిల్లకు ఆరుంబావుకే బస్సెక్కాలి. అందుకని ఆదివారం పూట మూడు కిలోల బియ్యం కాస్త పలుకు మీదే వార్చి, వెడల్పాటి తాంబాళాలలో పలచగా పరిచి, ఫ్యాను కింద ఆవిరి పోగానే పూటకొకటి చొప్పున పది డబ్బాలకెత్తి ఫ్రీజర్లో పేర్చేదాన్ని. ఎవరైనా వస్తే ఉంటుందని మొదటి వారమే పదకొండోది కూడా నింపి వెనకగోడ దాకా తోశాను. ఇంట్లో వాళ్లు చేయవలసింది గుప్పెడు నీళ్లు చల్లి పది నిమిషాలు ఆవిరి పట్టించడమే. ఐదు వారాలు మావారూ బిడ్డా అలాగే తిన్నారు. “ఇప్పుడే వార్చినట్టున్నది” అన్నది కూడా మావారే.

ఆరో వారం జగిత్యాల నుంచి ఆయన అక్క, మా వదినె, వచ్చింది. సోమవారం సాయంత్రం ఏడున్నరకు నేను ఇల్లు చేరేసరికి పది డబ్బాలు కడిగి బోర్లించి ఉన్నాయి. అన్నమంతా పక్కింటి బర్రె కుడితిలోకి పోయింది.

“నా తమ్మునికి ఐసు బువ్వ పెడ్తున్నవా? నౌకరి జేసేటోళ్లంత గిట్లనే జేస్తరా?” అంది వదినె.

“పొద్దుగాల నువ్వు రాత్రి బువ్వ తినలేదా, వదినె?”

“గది సద్ది. ఒక్క రాత్రిది. గిదేంది, వారం రోజులది! బర్రె అయితే మంచిగనే తిన్నది తియ్యి.”

ఆమె మీద కోపం రాలేదని కాదు. అయితే ఆమె తాను నమ్మినదే చేసింది. మావారి చొక్కా చేతులు మోచేతి దాకా తడిసి ఉన్నాయి. చీటీలను గోటితో గీకి తీసింది ఆయనే.

“డబ్బాలు మీరెందుకు కడిగిన్రు?”

“ఖాళీ అయినయి గదా” అన్నారు.

ఆ జవాబు అదే రోజు డైరీలో ఎక్కించాను. మంగళ, బుధ, గురువారాలు మూడు రోజులూ, బియ్యం డబ్బా పక్కనే ఉన్నా, సిరిసిల్ల నుంచి నేను వచ్చి పొయ్యి వెలిగించేదాకా ముగ్గురూ కూర్చుని ఎదురుచూశారు. శుక్రవారం ఉదయం పదిన్నరకు, ఉండనని రాసిచ్చాను. ఫ్రీజర్లో కనపడని పదకొండో డబ్బా వదినె సంచిలో పోయిందని ఆ రాత్రే రాసుకున్నాను. నిన్న ఆ వాక్యం కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం చేశాను. ఆమెకు నేను చేసిన అన్యాయం అదొక్కటే, దాన్ని దిద్దుకున్నాను. తనది దిద్దుకోవలసిన మనిషి, మావారు, డబ్బా చేతిలోకి తీసుకుని, “ఇగ ఇది పాడైంది, పారేస్తున్న” అన్నారు.

“ముట్టకున్రి” అన్నాను.

పోయినవి: పది డబ్బాల అన్నం, సిరిసిల్ల కొలువు, మావారి మీద నాకున్న నమ్మకం. ఉన్నవి: జగిత్యాల బస్సు, పది ఖాళీ డబ్బాలు, నిండుది ఒకటి. ఏడాది దాటి రెండు నెలలు కావస్తోంది. దాని మూత మీద మాత్రం ఇంకా నేను సిరిసిల్లకు బయలుదేరబోయే ముందటి ఆదివారమే.